వెలి వేసేదెవరు? ఆ ఖర్చు మోసేదెవరు?

ఊరు కలిసి బతకాలంటే కట్టుబాటు ఉండాలంటారు పెద్దమనుషులు. ఆ మాట మేము కాదనం. మాట తప్పినవాడిని నిలదీయకపోతే ఏ పొత్తూ నిలవదు. మా చిల్కానగర్ బస్తీలనే చూడండి. పల్లెల నుంచి నాచారం ఫ్యాక్టరీ పనికి, ఉప్పల్ అడ్డా మీద కూలికి వచ్చినవాళ్ళు నెల చిట్టీలు వేసుకుంటారు. చాలా చిట్టీలకు కాగితం లేదు, సంతకం లేదు. పాట పాడి పైసలెత్తుకొని ఎగ్గొట్టినవాడి పేరు గల్లీ గల్లీ తిరుగుతుంది. మళ్ళా వాణ్ణి ఎవరూ చిట్టీలో కలుపుకోరు, చేబదులు ఇయ్యరు. పరువు పోతుందన్న భయమే అక్కడ ప్రామిసరీ నోటు.

ఇది ఒక్క మన బస్తీ సంగతి కాదు. చుట్టరికం లేనివాళ్ళు కూడా కలిసి పనిచేసే గుణం మనిషికి ఎట్ల వచ్చిందని శాస్త్రవేత్తలు చాలాకాలంగా వెతుకుతున్నారు. మంచి పేరు మీద ఆశ, శిక్ష మీద భయం అందులో పెద్ద కారణాలని తేల్చారు. ఎర్నెస్ట్ ఫెర్, సైమన్ గెక్టర్ అనే ఇద్దరు జ్యూరిక్ నగరంలో విద్యార్థులతో ఒక ఆట ఆడించి 2002లో ఫలితాలు ప్రకటించారు. అందరూ ఉమ్మడి కుండలో డబ్బు వెయ్యాలి. అడిగేవాడు లేనప్పుడు ఎవరికి వారు జారుకున్నారు. సొంత డబ్బు కొంత పోగొట్టుకొనైనా, వెయ్యనివాడికి జరిమానా వేసే వీలు ఇచ్చాక కుండ నిండింది.

కానీ ఒక్క మాట గుర్తుంచుకోండి. ఆ ఆటలో కర్ర అందరి చేతిలోనూ సమానంగా ఉంది. మరి మన ఊళ్ళో?

మన ఊళ్ళో కర్ర ఎవరి చేతిలో ఉందో చుండూరు చెప్పింది. 1991లో సినిమా హాల్లో కాలు తగిలిందన్న గొడవతో మొదలై, దళితులకు పని బంద్ పెట్టి, చివరికి ఆగస్టు 6న ఎనిమిది మందిని నరికి చంపేదాకా పోయింది. 2017లో పశ్చిమ గోదావరి జిల్లా గరగపర్రులో అంబేద్కర్ విగ్రహం పెట్టబోయినందుకు దళితులను వెలివేశారు. ఎగ్గొట్టినవాడి మీద వేసే శిక్షా ఇది? కాదు. తలెత్తినవాడి మీద వేసే శిక్ష. కట్టుబాటు పేరు ఒక్కటే, పని వేరు.

వెలి ఎట్ల నడుస్తుందో తెలుసుకోకుండా దాన్ని విరవలేం. ఊళ్ళో ప్రతి కిరాణా కొట్టువాడికీ, ప్రతి ఆటోవాడికీ మన మీద పగ ఉండదు. సరుకు అమ్మితే తనకు బేరమే. అయినా అమ్మడు. ఎందుకు? అమ్మితే తన మీద కూడా దండుగ పడుతుంది గనుక. నిజామాబాద్, జగిత్యాల వైపు గ్రామాభివృద్ధి కమిటీల పేరుతో వేసే జరిమానాల వరస ఇదే. తప్పు చేశాడన్నవాడికి ఒక శిక్ష, వాడితో మాట్లాడినవాడికి ఇంకో శిక్ష. ఈ రెండో శిక్ష మీదనే వెలి నిలబడుతుంది.

ఇంకో చేదు నిజం. అదే ఫెర్, కార్లా హాఫ్, మయూరేశ్ క్షేత్రమాడే అనే మరో ఇద్దరితో కలిసి ఉత్తరప్రదేశ్ పల్లెల్లో ఇట్లాంటి ఆటే ఆడించాడు. 2011లో వచ్చిన ఆ పరిశోధన ఏం చెప్పింది? తమవాడిని ఒకడు మోసం చేస్తే, సొంత డబ్బు పోయినా సరే మోసగాడిని శిక్షించడానికి అగ్రకులాలవాళ్ళు ఎక్కువగా ముందుకొచ్చారు. అణగారిన కులాలవాళ్ళు అంతగా రాలేదు. మనకు పౌరుషం లేదనా దీనర్థం? కానే కాదు. మనవాడికి అన్యాయం జరిగిందని నోరు తెరిచినందుకు తరతరాలుగా ఇంకా పెద్ద దెబ్బ తిన్నవాళ్ళం మనం. ఒంటరిగా ఆ ఖర్చు మోయలేక నోరు మూసుకోవడం నేర్చుకున్నాం.

కాబట్టి మేము చెప్పదలచుకున్నది ఒక్కటే. శిక్షించడానికి ఖర్చవుతుంది. ఆ ఖర్చు పంచుకున్నవాడే గెలుస్తాడు. పెత్తందార్లు దాన్ని పంచుకుంటున్నారు, మనం పంచుకోవడం లేదు. 1985 జూలై 17న కారంచేడులో మాదిగవాడ మీద దాడి జరిగాక మనవాళ్ళు చీరాలలో శిబిరం పెట్టి, ఊరికి తిరిగి పోమన్నారు. కూలి చేసే చేతులు ఊరిని వెలివేశాయి! వాళ్ళు అట్ల నిలబడగలిగారంటే ఊరూరా దళితులు తోడు నిలిచారు గనుక. దళిత మహాసభ పుట్టింది ఆ పోరాటంలోనే.

చట్టం కూడా ఉంది. బహిష్కరణను నేరం చెయ్యాలని బాబాసాహెబ్ రౌండ్ టేబుల్ సమావేశాల నాడే అడిగాడు. అత్యాచారాల నిరోధక చట్టంలో సాంఘిక, ఆర్థిక బహిష్కరణ అన్న మాట స్పష్టంగా చేరింది 2016 జనవరి 26 నుంచి. ఆరు నెలల నుంచి అయిదేళ్ళ దాకా జైలు. కానీ చట్టం తనంతట తాను నడిచి రాదు. చుండూరు కేసులో 2007లో పడిన శిక్షలను 2014లో హైకోర్టు కొట్టేసింది గదా!

అందుకే సంఘాలు చెయ్యవలసిన పని ఉంది. వెలి పడ్డ రోజు నుంచే ఎవరు పని ఇయ్యలేదో, ఎవరు సరుకు ఇయ్యలేదో తారీకులతో రాసిపెట్టాలి. ఫిర్యాదు ఒక్కడి పేరు మీద కాదు, వాడంతా సంతకం చెయ్యాలి. భయంతో అమ్మనివాడికి ధైర్యం చెప్పాలి, శిక్ష పెట్టినవాడి పేరు బయటపెట్టాలి. పక్క ఊరి మాలలు గానీ మాదిగలు గానీ ఆ ఊరి పొలాలకు బదులు కూలికి పోవద్దు. పోకపోతే వాళ్ళ పొయ్యి ఎట్ల వెలుగుతుంది? ఇంటికింత బియ్యం ఇప్పటినుంచే కూడబెడితే వెలుగుతుంది.

మన ఇంటి సంగతి కూడా మాట్లాడుకోవాలి. కులం తప్పి పెళ్ళి చేసుకుందని మన ఆడపిల్లకు దండుగ వేసే కులపెద్దకు, ఊరి దొరకు తేడా ఏముంది? మన కట్టుబాటు కింద పడ్డవాడి వీపు మీద పడొద్దు. పోరాటాన్ని అమ్ముకొని రాత్రికి రాత్రి రాజీ కాగితం మీద వేలుముద్ర వేయించేవాడిని మాత్రం పదిమందిలో నిలబెట్టి అడగాలి.

పరువు దొర ఇచ్చేది కాదు. ఒకరి కోసం ఒకరం నష్టపడితే వచ్చేది.

జై భీమ్!