త్రాగుడు, బండి, సెల్‌ఫోను

త్రాగి బండి నడిపిన నేరమునకు బోనులో నిలిచిన ముద్దాయి సాధారణముగా చెప్పుమాట యొక్కటే: "కొంచెమే పుచ్చుకొంటినండి, ఇల్లు దగ్గరే గదా యనుకొంటిని." న్యాయస్థానములయందు తిరుగువార మగుటచే ఈ మాటను మేము పలుమారు వినియున్నాము. ఇది ఎల్లప్పుడును బొంకు కాదు. ఆ మనుష్యుడు నిజముగనే అట్లనుకొనియుండును. మద్యము ముందుగా చెరచునది కాలిని గాదు, చేతిని గాదు. తన స్థితిని తాను తూచుకొను వివేకమును. కావుననే యీ రోగమునకు మందు త్రాగిన పిమ్మట వెదకిన దొరకదు. త్రాగుటకు పూర్వమే అది చేతనుండవలెను.

నేడు ఆ మందు సెల్‌ఫోనులో దొరకునని పలువురు చెప్పుచున్నారు. త్రాగి బండి నడుపుటను మాన్పుటకై యాపులు పెక్కు వెలువడినవి. వీని నన్నిటిని ఒకే గాట గట్టుట తగదు. మనుష్యుని బండి యెక్కనీయనివి కొన్ని. ఎక్కుటకు ధైర్యము చెప్పునవి కొన్ని. ఈ భేదమును గుర్తింపక యాపులను పొగడుటయు, తెగడుటయు వ్యర్థమే.

మొదట కొలత చెప్పు యాపులను చూతము. శరీరపు బరువును, పుచ్చుకొనిన పెగ్గుల సంఖ్యను తెలిపినచో రక్తములో మద్యమెంత యున్నదో యివి లెక్కగట్టి చూపును. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 185వ సెక్షను ననుసరించి 100 మిల్లీలీటర్ల రక్తమున 30 మిల్లీగ్రాములు మించిన మద్యముతో బండి నడుపుట నేరము. యాపు 25 అని చూపెననుకొందము. చివరి గుక్క మింగిన పిమ్మటను కొంతసేపటివరకు రక్తములో మద్యము పెరుగుచునే యుండవచ్చును. కడుపులో అన్నమున్నదా లేదా యనుదానిని బట్టియు లెక్క మారును. బల్లయొద్ద 25గా నున్నది నడిదారిలో 40 కావచ్చును. ఫోనుకు జోడించి ఊదు పరికరముల నమ్మిన యొక సంస్థపై, అవి ఉన్నదానికంటె తక్కువ చూపుచున్నవని 2017లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అభియోగము తెచ్చినది. అంతకంటె పెద్ద దోషము వేరొకటి కలదు. ఆ యంకె త్రాగువానికి హెచ్చరిక కాక అనుమతిపత్ర మగుచున్నది.

రెండవ తరగతివి మరింత హేయమైనవి. పోలీసు తనిఖీ యెచట జరుగుచున్నదో చూపి ప్రక్కదారి పట్టించు యాపులు అమెరికాలో బయలుదేరగా, 2011లో నలుగురు సెనేటర్లు వానిని తొలగింపుడని ఫోను సంస్థలకు వ్రాసిరి. ప్రభుత్వము ప్రకటింపని తనిఖీ స్థలములను చూపు యాపులను స్వీకరింపమని యాపిల్ సంస్థ ఆ సంవత్సరముననే నియమము చేసినది. మన నగరములలో ఇట్టి పనికి యాపుకూడ నక్కరలేదు; మిత్రుల వాట్సాప్ బృందమే చాలును. తనిఖీని తప్పించుకొనినవాడు ఎదురువచ్చు లారీని తప్పించుకొనగలడా? వానికి దారి చూపిన మిత్రుడు ఏ పాపమును మూటగట్టుకొనుచున్నాడో యోచించెనా?

ఇక మేలు చేయునవి. అమెరికా జాతీయ రహదారి భద్రతా సంస్థ 2014లో వెలువరించిన యాపు మిక్కిలి సరళమైనది: టాక్సీని పిలుచుట, మిత్రుని పిలుచుట, తానున్న చోటు తెలియుట, ఇంతే. మత్తులో నున్నవానికి అంతకంటె ఎక్కువ పని చెప్పరాదు. దక్షిణ కొరియాలో మరియొక పద్ధతి కలదు. పిలిచినచో వేరొక చోదకుడు వచ్చి, త్రాగినవానిని వాని బండిలోనే ఇంటికి చేర్చును. మునుపు టెలిఫోనుమీద సాగిన యీ పని 2016 నుండి యాపు ద్వారమునను జరుగుచున్నది. "బండి నిచట వదలి పోవుటెట్లు?" అను సాకు దీనితో తీరిపోవును. మన నగరములలోను కారులు, ఆటోలు, అద్దె చోదకులు ఫోనుపై దొరకుచున్నారు. అయితే చిన్న పట్టణమున, రహదారి ప్రక్కనున్న గ్రామమున, రాత్రి పదిగంటలకు ఏ యాపు పలుకును? అచట త్రాగని మిత్రుడే యాపు.

మద్యనిషేధము కోరు సోదరు లిచట ఆక్షేపింతురు: "క్షేమముగా త్రాగి వచ్చుట నేర్పుదురా?" అని. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారాపై లేచిన స్త్రీలకు మేము నమస్కరించుచున్నాము. వారి పోరాట ఫలముగా 1993లో సారా పోయినది, 1995లో సంపూర్ణ నిషేధము వచ్చినది, 1997లో అది సడలిపోయినది. రాజ్యాంగమున 47వ అధికరణము నేటికిని ఆదేశించుచునే యున్నది. ఆ యాశయమును మేము విడువలేదు. కాని 2022లో దేశమున రహదారి ప్రమాదములలో 1,68,491 మంది మరణించిరి. అందరును త్రాగినవారివలననే పోయిరని మేమనము. ఆ కారణమున పోయినవారిలో చుక్క ముట్టని పాదచారులు, పసివారు ఎందరో కలరు. నిషేధము వచ్చువరకు వారిని వేచియుండుమనుట ధర్మమా?

2019 సవరణ ప్రకారము మొదటి నేరమునకు పదివేల రూపాయల జుల్మానా గాని, ఆరు నెలలవరకు ఖైదు గాని, రెండును గాని విధింపవచ్చును. శిక్ష చోదకునికే. అమ్మినవానికి లాభము, ప్రభుత్వమునకు సుంకము. లాభములో పాలుగొనువారికి బాధ్యతలో పాలు లేకపోవుట యెట్టి న్యాయము? మద్యశాల లైసెన్సులో ఒక షరతు చేర్చవలెనని మేము కోరుచున్నాము: మొదటి గ్లాసు బల్లపై పెట్టుటకు పూర్వమే, "ఇంటికెట్లు పోవుదురు?" అని యడుగవలెను, బండిలో వచ్చినవానికి తిరుగు ప్రయాణము ఫోనుమీద అప్పుడే కుదుర్చవలెను, తెల్లవారువరకు బండి నుంచుకొనుటకు ఉచితముగా చోటీయవలెను. ప్రభుత్వము తెలుగులో నొక సరళమైన యాపును ఏర్పరచి, చిన్న పట్టణముల ఆటోవారినిగూడ అందు చేర్చవలెను. వచ్చిన సుంకములో నొక స్వల్పభాగ మిందులకు చాలును.

చట్టము మారువరకు పాఠకులు చేయదగినదియు కలదు. విందుకు పిలిచిన గృహస్థు అతిథి చేతిలోని తాళపుచెవిని ముందే అడిగి పుచ్చుకొనుగాక. పోవువాడు త్రాగదలచినచో బండిని ఇంటనే విడిచి పోవుగాక. ఫోను చేయగల మేలంతయు తెలివి యున్న గడియలోనే గలదు. ఆ గడియ దాటిన పిమ్మట ఫోను చేతనున్నను, దానిని వాడవలెనను బుద్ధి యుండదు.