సమ్మక్క కథను కోయల నోట విందము

పరకాలనుండి భూపాలపల్లికి పోవు బాటలో, చెల్పూరునొద్ద, 1,100 మెగావాట్ల విద్యుత్తును పుట్టించు కేంద్రమొకటి కాకతీయుల పేరున వెలసియున్నది. రెండేండ్లకొకమారు, మాఘ శుద్ధ పౌర్ణమి దినములలో, మేడారము జాతర ముగించుకొని బయ్యక్కపేట, గొల్లబుద్ధారముల మీదుగా మరలివచ్చు జనము ఆ దారినే పరకాలవైపు సాగిపోవును. వారి నోట నుండునది ఆ కాకతీయులకే కప్పము కట్టక ఎదురునిలిచిన సమ్మక్క పేరు. గెలిచిన రాజునకు శాసనములున్నవి, శిలాతోరణములున్నవి, వేయిస్తంభముల గుడియున్నది. పోరాడి కూలిన కోయలకు మనము మ్రొక్కులిచ్చితిమే గాని చరిత్రలో చోటియ్యలేదు. ఇది చిన్న లోపము కాదు.

కోయలు చెప్పుకొను వృత్తాంతము స్థూలముగా అందరెరిగినదే. వానలు లేక పంటలెండిపోగా మేడారమునేలు సమ్మక్క భర్త పగిడిద్దరాజు కప్పము చెల్లింపలేకపోయెను. కాకతీయ ప్రతాపరుద్రుని సేన అడవిపై వచ్చిపడెను. పగిడిద్దరాజును, కూతురు సారలమ్మయు, అల్లుడు గోవిందరాజును పోరులో నేలకొరిగిరి. కుమారుడు జంపన్న సంపెంగవాగులో దూకి ప్రాణములు విడువగా అది జంపన్నవాగాయెను. వెన్నుపోటుకు గురియైన సమ్మక్క నెత్తురోడుచునే చిలకలగుట్టకు నడిచి అదృశ్యురాలాయెను. వెదకబోయినవారికి పుట్టచెంత కుంకుమభరిణె మాత్రము దొరికెను. నేటికిని అక్కడ విగ్రహము లేదు. ఆ భరిణెను గుట్టదింపి గద్దెకు తెచ్చువారు కోయ పూజారులైన వడ్డెలే. సారలమ్మను కన్నెపల్లినుండి, పగిడిద్దరాజును పూనుగొండ్లనుండి, గోవిందరాజును కొండాయినుండి తెచ్చు అధికారమును ఆయా వంశములవారిదే. కోటిమందికి మించి జనము గుమిగూడు ఈ జాతర 1996లో రాష్ట్రపండుగయైనను, దానికి ప్రాణము మనము చూడని దినములలో, గుడిమెలిగె, మండమెలిగె అని కోయలు తమలో తాము జరుపుకొను పూజలలో ఉన్నది.

ఇట్టి జాతి మరియొకటి సముద్రముల కావల, అమెరికాలోని ఫ్లోరిడా చిత్తడినేలలలో ఉన్నది. వారిని సెమినోలులందురు. క్రీకు జాతినుండి విడివడి పదునెనిమిదవ శతాబ్దిలో దక్షిణమునకు దిగివచ్చినవారు; తోటలలోని బానిసత్వమునుండి పారిపోయి వచ్చిన ఆఫ్రికా సంతతివారికి ఆశ్రయమిచ్చి, వారిని ప్రక్కనిలుపుకొని పోరినవారు. 1830లో అమెరికా ప్రభుత్వము ఆదివాసులను మిసిసిపీ నదికావలికి తరలించు శాసనమును చేసినప్పుడు వీరు కదలమనిరి. 1835నుండి ఏడేండ్లు నడచిన యుద్ధములో పదునైదువందలమంది అమెరికా సైనికులు, అధికభాగము జ్వరములవలననే, మరణించిరి. సంధిమాటలకని తెల్లజెండా క్రింద వచ్చిన ఒసియోలా అను నాయకుని 1837లో పట్టి బంధించిరి. మరుసటి యేడు చెరలోనే అతడు చనిపోయెను. సమ్మక్క వెన్నున దిగిన పోటును విన్నవారికి ఈ ద్రోహమును వేరుగ వివరింపనక్కరలేదు. వేలమందిని ఓడలకెక్కించి ఓక్లహోమాకు పంపిన తరువాత మిగిలినవారు కొన్ని వందలే. అయినను వారు సంధిపత్రమున సంతకము చేయలేదు. 1858లో పాలీ పార్కరను స్త్రీ, ఓడ కట్టెలకై రేవులో ఆగినపుడు తప్పించుకొని, వందల మైళ్లు నడిచి తన వారున్న సరస్సుతీరమునకు చేరుకొన్నది. ఆ మిగిలిన కొలదిమంది సంతతియే నేటి ఫ్లోరిడా సెమినోలులు.

వారి పచ్చమొక్కజొన్న పండుగలోను పరులకు చూపని పవిత్రమైన మూట యొకటి యుండును. దానిని కాపాడు బాధ్యత పరంపరగా వచ్చినవారిది. రంగురంగుల గుడ్డముక్కలను కూర్చి కుట్టిన వారి వస్త్రములు లోకప్రసిద్ధములు. మన కోయల పడిగె నెరిగినవారికి ఇవి అపరిచితములు కావు. పడిగె యనునది మువ్వంచుల పొడవైన గుడ్డ; దానిపై వేల్పులును, మృగములును, యోధులును బొమ్మలై వరుసగా నిలిచియుండగా, డోలి వాయించువారు ఒక్కొక్క బొమ్మను చూపుచు ఆ గట్టువారి, అనగా ఆ గోత్రమువారి, ఆ ఇంటిపేరువారి పుట్టుపూర్వోత్తరములను గానము చేయుదురు. కొలుపులనాడు తప్ప విప్పని ఆ గుడ్డయే కోయలకు శాసనము, వంశావళి, ఇతిహాసము. దానిని పాడిన సకిని రామచంద్రయ్యగారికి 2022లో పద్మశ్రీ వచ్చినప్పుడు మనము సంతోషించితిమి. 2024లో ఆయన కన్నుమూసిరి. ఆయన కంఠముతోపాటు ఎన్ని గాథలు పోయినవో లెక్కపెట్టువారెవరు?

శాసనాధారము లేని పాటలను చరిత్రయని ఎట్లందుమని కొందరడుగుదురు. వ్రాయించువాడు గెలిచినవాడే యైనపుడు ఓడినవాని పక్షము రాతిపై దొరకదు. దానిని పాటలోనే వెదకవలయును, పాటకు పాటను పోల్చి పరిశీలింపవలయును. డోలి గాయకుల కథకును, జాతరలో అమ్ముడుపోవు పుస్తకముల కథకును భేదములున్నవి. బయ్యక్కపేటలోని చందా వంశీయులు సమ్మక్క తమ ఆడబిడ్డయని చెప్పుకొందురు. ఈ భేదములు పరిశోధకునకు అడ్డంకులు కావు, ముడిసరుకు. వీనిని చెరిపి ఒక్క కథను సినిమాలకును, ధారావాహికలకును అనువుగా దిద్దుటయే అపచారము.

సెమినోలులు తమ కథను చెప్పు పనిని పరులకు విడువలేదు. 1957లో తమ రాజ్యాంగమును తామే ఆమోదించుకొనిరి. 1967లో బెట్టీ మే జంపరను స్త్రీని అధ్యక్షురాలిగా ఎన్నుకొనిరి. 1997లో తమ భూమిపైననే, తమ పాలనలోనే ప్రదర్శనశాలను తెరచి, ఏ వస్తువును చూపవలెనో, దేనిని దాచవలెనో తామే నిర్ణయించుకొనిరి. వారికి చేకూరిన ఐశ్వర్యము కోయలకు లేదు, నిజమే. కాని తమ కథను తామే చెప్పుకొనుటకు ఐశ్వర్యముకంటె ముందు కావలసినది అధికారము. ఆ అధికారమునకు ఆధారము నేల. 1970నాటి భూబదలాయింపు నిషేధ నిబంధనయు, 2006నాటి అటవీహక్కుల చట్టమును కాగితముపై నిలిచి పోడు చేనులో నిలువనంతకాలము కోయ కుర్రవాడు డోలి పట్టుటకు తీరిక ఎట్లు దొరకును?

2023 డిసెంబరులో పార్లమెంటు ఆమోదముతో ములుగులో వెలసిన కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయమునకు సమ్మక్క, సారక్క (సారలమ్మ)ల పేరే పెట్టిరి. పేరు పెట్టినవారు ఆ పేరునకు తగిన పనియు చేయింపవలయును. కోయభాషకు అక్కడ పీఠము నెలకొల్పి, వృద్ధులైన డోలి గాయకులను జీతమిచ్చి ఆచార్యులుగా కూర్చుండబెట్టి, వారి పాటలను వారి భాషలోనే, వారి అనుమతితో భద్రపరుపవలెను. పడిగెలు మాత్రము వాని గట్టువారి చేతులలోనే ఉండవలెను. ఇక జాతరకు పోవు మనము నిలువెత్తు బంగారమని బెల్లము సమర్పించి వెంటనే బస్సెక్కక, ఒక పూట ఆగి, ఆ కథను కోయల నోట విందము.