పని బట్ట

మోతె మండలపు పల్లెల నుండి వచ్చి చదువుకుంటున్న మేము కొందరము ఆ మధ్య హైదరాబాదు వెళ్ళినప్పుడు ఒక బొటిక్‌లో అడుగుపెట్టాము. పరుగుకు, యోగాకు, కొండలెక్కడానికి తగిన దుస్తులు అక్కడ అందంగా అమర్చి ఉన్నవి. ప్రతి చొక్కాకు ఒక అట్టముక్క, దానిపై ఇది ప్రకృతికి హాని చేయని వస్త్రమని హామీ. ధర చూచి చొక్కాను యథాస్థానంలో ఉంచి బయటికి వచ్చాము. ఆ సొమ్ముతో మా ఇండ్లలో పిల్లలందరికీ పండుగ బట్టలు వస్తాయి.

ధరను గూర్చి కాదు మా ఫిర్యాదు. శ్రమకు అనువైన, మన్నికైన, భూమికి భారం కాని బట్ట అనే ఊహ మనకు నిజంగా కొత్తదా? ఎండలో ఒళ్ళు వంచే మనిషి కట్టిన అటువంటి బట్టను మన పాత నల్లగొండ జిల్లాలోనే నేస్తున్నారు. దాని పేరు తేలియా రుమాలు. 2016లో జిల్లాలు విడిపోకముందు మా మోతె, ఆ బట్ట నేసే పుట్టపాక ఒకే జిల్లాలోని ఊళ్ళు. ఒకప్పుడు చీరాల కూడా దీనికి పెద్ద కేంద్రం. తేల్ అంటే నూనె. రుమాల్ అంటే ఫారసీలో ముఖం తుడుచుకొనేది. ఉర్దూ పేరు పెట్టుకున్న ఈ బట్టను నేసినవి తెలుగు చేతులు. మన కళాశాల వారికి ఈ ముచ్చట చెప్పకుండా ఉండలేకపోయాము.

నూలును ఆముదపు కాయల బూడిద కలిపిన నీటిలోను, నూనెలోను నానబెట్టి, పిసికి, ఎండబెట్టి, మళ్ళీ నానబెడతారు. రోజుల తరబడి ఈ తంతు సాగుతుంది. ఆ తరువాతనే ముడులు కట్టి రంగులద్దడం. ఎరుపు, నలుపు, తెలుపు, అంతే. నూనె పట్టిన బట్ట మెత్తగా ఉండి ఒంటికి చల్లదనమిస్తుంది. అందుకే జాలరులు దానిని లుంగీగా కట్టారు, పశుల కాపరులు తలకు చుట్టారు. సముద్రం దాటి అరబ్బు దేశాలకు, తూర్పు ఆఫ్రికాకు కూడా అది పోయింది.

పూర్వమంతా స్వచ్ఛమని మేము అనము. 1868లో జర్మను రసాయనవేత్తలు కృత్రిమంగా తయారుచేసిన అలిజరిన్ ఎరుపు తరువాత మన అద్దకాలలోకీ వచ్చింది. పత్తి చేలపై పురుగుమందు కొట్టే చేతులు మన పల్లెలలోనే ఉన్నవి. బంతాట ఆడేవానికి నూలు చొక్కా చెమటకు తడిసి బరువెక్కుతుంది; ఆ గంటన్నర పాలిస్టరే సుఖం. కాని పాలిస్టరు పెట్రోలియం నుండి పుట్టినది. ఉతికిన ప్రతిసారీ కంటికి కానరాని పోగులు రాల్చుతుంది. పాత ప్లాస్టిక్ సీసాలను కరిగించి నేసినా ఆ గుణం పోదు. అట్టముక్క మీద ఆ సంగతి మాకు కనిపించలేదు.

మా అసలు బాధ వేరు. పని బట్ట పనిచేసే మనిషిని విడిచిపోయింది. మండుటెండలో మా పొలాలలో కలుపు తీసే తల్లులు, గొర్లు కాచే తాతలు చవకగా దొరికిన పాలిస్టరు చొక్కాలలో ఉడికిపోతున్నారు. తేలియా మాత్రం ఖరీదైన చీర అయింది, దుపట్టా అయింది, అద్దాల వెనుకకు చేరింది. పుట్టపాక కళకు పేరు తెచ్చిన గజం గోవర్ధనకు 2011లోను, గజం అంజయ్యకు 2013లోను పద్మశ్రీ లభించినందుకు, తేలియాకు 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చినందుకు గర్విస్తున్నాము. అయితే చేనేత అంటే పెళ్ళికీ ప్రదర్శనకూ మాత్రమే అన్న భావన బలపడితే మగ్గానికి మేలు కలుగదు. పెళ్ళి చీర ఏ కొద్ది సార్లో కొంటారు. పని బట్ట చిరిగినప్పుడల్లా కొనవలసిందే.

ముడుల బట్ట చవకగా రాదని మాకు తెలుసు. ఒక్క చీరకు ఆసు పోయడానికి చేయి వేల సార్లు అటూ ఇటూ ఆడాలి. తల్లి పడే ఆ యాతన చూడలేకనే చింతకింది మల్లేశం ఆసు యంత్రం చేశారు. 2017లో వారికి పద్మశ్రీ వచ్చింది. కనుక మేము ముడుల బట్ట అడగడం లేదు. సాదా చేనేత నూలు చాలు.

మొక్కలు నాటడానికి పోయే మన ఎన్.ఎస్.ఎస్. మిత్రులు పాలిస్టరు టీషర్టులు తొడుక్కొని పోవడం మాకు వింతగా తోస్తున్నది. వచ్చే శిబిరానికి ఆ చొక్కాల బట్టను పాత నల్లగొండలోని ఏదైనా చేనేత సహకార సంఘం నుండి తెప్పించి, ఇక్కడి దర్జీల చేతనే కుట్టించవలసిందిగా ప్రిన్సిపాలు గారిని కోరుతున్నాము. టీషర్టుకన్నా ఎక్కువయ్యే ఖర్చును మేమే తలా కొంత వేసుకుంటాము.