కుళ్ళిన చేని కంద విత్తు కారాదు

కొల్లిపర, దుగ్గిరాల ప్రాంతముల కంద రైతులారా!

మొన్న శ్రావణపు ముసురు వెలిసిన నాడు చేనికి పోయి చూడగా, ముందువారము గొడుగులవలె నిలిచిన మొక్కలు మొదలు చీకి నేలకొరిగియుండెను. కాండపు మొదట తెల్లని బూజు, దాని నడుమ ఆవగింజలవంటి గోధుమరంగు గుళ్ళు. ఈ మొదలుకుళ్ళు మీలో ఎవరికిని క్రొత్త కాదు గనుక వర్ణన చాలింతును.

ముసురు తెచ్చినదందురు. ముసురు మన తాతలనాడును పట్టినది. తెచ్చినది విత్తనపు బస్తా! మూడడుగుల ఎడముగా అరకిలో ముక్కలు నాటిన ఎకరమునకు సుమారు 5000 ముక్కలు, అనగా రెండున్నర టన్నుల దుంప కావలెను. అంత దుంప ఇంట నిలుపుకొనజాలని రైతు వ్యాపారి గుమ్మము త్రొక్కును. కుళ్ళు తగిలిన చేలలో కారుచౌకగా కొన్న దుంపకు మన్ను దులిపి, ఆ వ్యాపారి విత్తనమని అంటగట్టును. మెత్తబడిన దుంపలను నేను చూపగా, నాటినపిదప మందు కొట్టుకొమ్మని నాకు సెలవిచ్చెను. విత్తు వెల అతనికి, మందు వెల దుకాణమునకు, కుళ్ళు మనకు!

మందును నమ్మువారు ఐర్లండును తలచుకొందురు గాక. 1845లో అచ్చటి బంగాళాదుంపకు తెగులు సోకగా, ఆ కరవులో ఆకలికిని రోగములకును సుమారు పదిలక్షలమంది బలియైరి. మైలుతుత్తము, సున్నము కలిపిన బోర్డో మిశ్రమము ఆ తెగులు జాతికి విరుగుడని తేలినది 1885 ప్రాంతమున; అప్పటికి నలువదేండ్లు గతించినవి.

కావున కుళ్ళిన మొక్కను చుట్టునున్న మన్నుతో పెకలించి చేని వెలుపల తగులబెట్టుడు, పంటకాలువలో విసరకుడు. ఆ గుళ్ళు నేలలో ఏండ్లతరబడి బ్రతుకును, నీటివెంట దిగువ చేలకు పాకును. ముక్కలను ట్రైకోడెర్మా కలిపిన పేడనీట ముంచి, నీడన ఆర్చి నాటుడు. కుళ్ళు కనబడిన చేనిలో మరుసటేట వరి వేయుడు. నిలువనీట గుళ్ళు చాలవరకు నశించును. వరిలో లాభమేదని అడుగువారు, కుళ్ళిన కందలో లాభమేదో ముందు చెప్పవలెను. కందకు లేని దురద కత్తిపీటకేలయని నన్ను హేళన చేయువారును కలరు. వారి చేని నీరు నా చేనికి పారునంతకాలము ఈ దురద నాదే.

త్రవ్వి కడిగిన దుంప తన రోగము చెప్పదు. నిలిచిన చేను చెప్పును. ఈ భాద్రపదములోనే ఊరూర నలుగురు రైతులు చేలు తిరిగి, కుళ్ళులేని వానిని గుర్తించి, ఆ జాబితాను పంచాయతి గోడకు అంటింపవలెను. ఆ చేల దుంప తప్ప మరొక దుంపను విత్తుగా కొనరాదు, అమ్మరాదు. ఏ చేనిదో చెప్పనిదే కొనమని పదియూళ్ళు ఒక్కమాటగా పలికిననాడు, వ్యాపారి తన బస్తా మూతిని తానే విప్పును.