మందును తోడిపోసే సూక్ష్మజీవి!

మాను పసుపు చెక్కకు ఆ రంగునిచ్చేది బెర్బెరిన్. కళ్లకలకకీ పుళ్లకీ ఆయుర్వేదం వాడే చెక్కే అది. కానీ స్టెఫైలోకాకస్ ఆరియస్ బ్యాక్టీరియా మీద ఒక్క బెర్బెరిన్‌నే ప్రయోగిస్తే పెద్దగా ఫలితం ఉండదు. లోపలికొచ్చిన మందును వచ్చినట్టే బయటికి తోడిపోసే పంపు దాని పొరలో ఉంది మరి!

చిత్రమేంటంటే, బెర్బెరిస్ జాతి మొక్కల్లో ఆ పంపుకి అడ్డుపడే పదార్థం కూడా ఉంది. 2000లో అమెరికా శాస్త్రవేత్తలు స్టెర్మిట్జ్, కిమ్ లూయిస్ బృందం ఈ గుట్టు విప్పింది. మొక్క ఎత్తునే అనుసరించి 2006లో లూయిస్, ఆస్ట్రేలియా రసాయన శాస్త్రవేత్తలు బెర్బెరిన్‌కి పంపును ఆపే మరో రసాయనాన్ని అతికించారు.

ఇలాంటివాటికి పెట్టే పరీక్ష చూడ్డానికి సాదాసీదాగానే ఉంటుంది. వరసగా గొట్టాలు, వాటిలో పోషక ద్రవం, సూక్ష్మజీవులు. మందును మాత్రం గొట్టం గొట్టానికీ సగం చేస్తూ పోతారు. రాత్రంతా 37 డిగ్రీల వెచ్చదనంలో ఉంచుతారు. తెల్లారేసరికి ద్రవం మబ్బుగా మారిందా, సూక్ష్మజీవులు పెరిగినట్టే. తేటగా మిగిలినవాటిలో అతి తక్కువ మందున్న గొట్టమే లెక్క.

అతికించిన మందు బెర్బెరిన్ కన్నా బాగా తక్కువ మోతాదులోనే నెగ్గింది. ఎంటరోకాకస్ సోకిన మిల్లీమీటరు పొడవు పురుగుల్నీ బతికించింది. అయితే పురుగు వేరు, మనిషి వేరు. రక్తంలో నిలవాలి, మన కణాల జోలికి పోకూడదు. చాలా మందులు ఆగిపోయేది అక్కడే.