పుట్టింటి పొగ, మెట్టినింటి తీపి

ఈ శీర్షికలో ఇంతవరకు కాఫీని గురించీ, ఆవకాయను గురించీ, కమ్మని నేతిని గురించీ ముచ్చటించుకున్నాము. ఈ నెల స్కాచి విస్కీ రుచిని గురించి వ్రాస్తున్నామంటే మా సోదరీమణులు కొందరు బొమలు ముడివేయవచ్చును. వారి కోపం న్యాయమైనదే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాపై ఎందుకు తిరగబడ్డారో మేము మరచిపోలేదు. త్రాగుడును పొగడడం మా ఉద్దేశం కాదు. ఒక వస్తువుకు రుచి ఎక్కడినుండి వస్తుంది, ఎంతలో నిలుస్తుంది, ఎంతలో చెడుతుంది అన్నదే ఇక్కడి విచారణ.

మేము రుచి చూచినది 2019లో వెలువడిన ‘ఆర్డ్‌బెగ్ డ్రమ్’. స్కాట్లండుకు పడమట ఐలా అనే దీవి వున్నది. అక్కడ 1815లో నెలకొన్న బట్టీ పేరు ఆర్డ్‌బెగ్. ఆ దీవిలో చెట్లు తక్కువ, పీట్ ఎక్కువ. పీట్ అంటే పూర్తిగా మట్టీ కాదు, బొగ్గూ కాదు. నీరు నిలిచే నేలలో నాచూ, గడ్డీ, తుప్పలూ పూర్తిగా కుళ్ళకుండా పొరలు పొరలుగా అణగిపోతే పీట్ అవుతుంది. ఏడాదికి పేరుకునేది ఇంచుమించు ఒక మిల్లీమీటరు. అనగా మీటరు లోతు పీట్ వెయ్యేండ్ల పని! దానిని ఇటుకలుగా కోసి, ఎండబెట్టి, రాజేసి, మొలకెత్తిన బార్లీని ఆ పొగమీద ఆరబెడతారు. పొగలోని ఫినాల్ పదార్థాలు గింజను పట్టుకుంటాయి. ఆర్డ్‌బెగ్ వారి బార్లీలో ఇవి పది లక్షల పాళ్ళకు దాదాపు 55 పాళ్ళు. నానబెట్టి, పులియబెట్టి, కాచేసరికి కొంత పోతుంది గాని, మిగిలినది ముక్కుకు తెలియకపోదు.

ఇక రమ్ము సంగతి. చెరకు రసంనుండి పంచదార తీయగా మిగిలిన మడ్డిని పులియబెట్టి కాస్తే వచ్చేది రమ్ము. దానిని నిలవచేసిన ఓకు పీపా ఖాళీ అయినా, చెక్క పీల్చుకున్నది చెక్కలోనే వుంటుంది. ఇంగువ కట్టిన గుడ్డ సంగతి మనకు తెలియనిదా!

స్కాచి అనిపించుకోవాలంటే విస్కీ ఓకు పీపాలో, స్కాట్లండులోనే, తక్కువలో తక్కువ మూడేండ్లు వుండాలని చట్టం. నీరూ, రంగుకోసం మాడ్చిన చక్కెరా తప్ప మరేమీ కలపరాదు. కనుక రమ్మును చుక్కైనా పోయడానికి వీలులేదు. విస్కీయే రమ్ము కాపురమున్న పీపాలోనికి వెళ్ళాలి. ఈ ‘డ్రమ్’ మొదట అమెరికా బూర్బన్ పీపాలలో పెరిగి, పిమ్మట అమెరికా ఖండాలనుండి తెచ్చిన రమ్ము పీపాలలో కొంతకాలం వున్నది. పుట్టింట పొగ, మెట్టినింట తీపి అన్నమాట.

నలుగురం కూర్చున్నాము. తలా ఇరవై మిల్లీలీటర్లు, అంతకు మించలేదు. మూతి సన్నగా వున్న గ్లాసులు. ముందు వాసన చూచాము. మొదట అందినది వానాకాలంలో తడికట్టెల పొయ్యి పొగ. దాని వెంట ఆసుపత్రి వరండాలోని టింక్చరు అయొడిన్. మాలో ఒకరు మొగం త్రిప్పుకొన్నారు. గ్లాసును కాసేపు వదలి మళ్ళీ చూస్తే, ఆ పొగ అడుగున మిగుల మగ్గిన అరటిపండూ, మరుగుతున్న చెరకు పానకమూ దొరికాయి. కన్నడసీమలోని మనవారికి ఆలెమనె ప్రక్కగా నడచేటప్పుడు ముఖాన తగిలే తియ్యని ఆవిరి అది. నోట పెట్టేసరికి వరుస మారింది. ముందు తీపి, నడుమ మిరియపు కారం, మ్రింగిన చాలాసేపటికి మళ్ళీ పొగ. సారా పాలు నూటికి 46 గనుక నాలుక చురుక్కుమన్నది.

అప్పుడు చెంచాతో నాలుగైదు చుక్కల నీరు వేశాము. పొగ తగ్గుతుందనుకుంటే ఇంకా తేటపడింది. దీనికి శాస్త్రం వున్నది. పొగవాసన నిచ్చే పదార్థాలలో గ్వాయకాల్ ఒకటి. సారా పాలు హెచ్చుగా వుంటే అది ద్రవం లోపలికి పోతుందనీ, నీరు చేరితే పై పొరకు వస్తుందనీ 2017లో స్వీడనులోని లిన్నేయస్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు కంప్యూటరు లెక్కలతో చూపారు. అయితే చేయి జారి సగం గ్లాసు నీరు పోసుకున్నవారికి పొగా దక్కలేదు, తీపీ దక్కలేదు.

మా తీర్పు చెబుతాము. ఇది మంచి సరుకు. ఎందుకంటే ఇందులో రమ్ము పీపా పెత్తనం చేయలేదు. రెండవ పీపాలో మరీ తక్కువ కాలం వుంటే వెళ్ళిన గుర్తే వుండదు. మరీ ఎక్కువైతే తీపి పొగను మ్రింగివేస్తుంది, అది ఏ దీవి సరుకో పోల్చుకోలేము. అందుకే పీపాల కాపరి మాటిమాటికీ రుచి చూచి, ఇక చాలునన్న రోజున తీయిస్తాడు. తరాలుగా ఇతర భాషల నడుమ కాపురమున్న మనకు ఈ లెక్క కొత్తది కాదు. మన పులుసులో అక్కడి బెల్లం చేరింది, చేరితే మంచిదే. పులుసన్న పేరూ, పిల్లల నోట తెలుగు మాటా నిలవడమే చూచుకోవాలి.

చివరకు తేలినది ఒక్కటే: కొలత. పీపాలో నెలలకు కొలత, గ్లాసులో నీటికి కొలత, గ్లాసుకే కొలత. మద్యం ఎంత తక్కువైనా ఆరోగ్యానికి క్షేమకరం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది. కాబట్టి త్రాగనివారు ఈ నాలుగు మాటలు చదివి వూరుకుంటే చాలును. వారికి పోయిందేమీ లేదు. రుచి చూడగోరేవారు సీసాతోబాటు కొలతగిన్నె కూడా ఇంట వుంచుకోవాలి. ఆ గిన్నెను ఇల్లాలి చేతికిస్తే మరీ మంచిది.

వచ్చే నెల మజ్జిగపులుసు.