మూత తీయనివ్వని కంప్యూటరు మనదెలా అవుతుంది?

మొన్నో శనివారం మా అక్క కూతురి లాప్‌టాప్ పట్టుకుని సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి, అదేనండీ మన సీటీసీకి, వెళ్ళాను. పిల్ల బీటెక్ మూడో ఏడు. ఆండ్రాయిడ్ స్టూడియో తెరిచి ఎమ్యులేటర్ మొదలెడితే చాలు, మౌస్ కూడా కదలడం మానేస్తోందట. ఉన్నది ఎనిమిది జీబీ ర్యామ్. ఎమ్యులేటర్‌తో కలిపి 16 ఉండాలని గూగుల్ వాళ్ళే రాసి పెట్టారు. "ఓస్ ఇంతేనా, ఇంకో ఎనిమిది వేయిస్తే సరి" అని మామయ్య హోదాలో గొప్పలు పోయి తనని బయల్దేరదీశాను.

షాపులో కుర్రాడు వెనక మూత ఊడదీసి నావైపు తిప్పాడు. "చూడండి సార్, చిప్పులు బోర్డు మీదే సోల్డర్ చేసేశారు. స్లాట్ లేదు. కొత్తది కొనుక్కోవడమే."

"అయితే ఇది పాడైపోయినట్టా మామయ్యా?" అందా పిల్ల.

పాడవలేదు. ప్రాసెసర్ బాగుంది, స్క్రీన్ బాగుంది, బ్యాటరీ ఇంకా నాలుగ్గంటలొస్తోంది. కొని మూడేళ్ళు కూడా కాలేదు. వాళ్ళ నాన్న చీటీ పాట పాడి మరీ కొన్నాడు. అలాంటి వస్తువుని పక్కన పడేసి ఇంకోటి కొనమంటున్నారు. కొన్నప్పుడు నన్నే అడిగారు, "మంచిదే, తీసుకోండి" అని చెప్పిన మహానుభావుణ్ణీ నేనే. స్పెసిఫికేషన్లలో ఆ ఒక్క లైను చదవలేదు. కాబట్టి ఈ తిట్లలో మొదటి వాటా నాదే.

నా సంగతి చెప్తాను. నాది సివిల్ ఇంజనీరింగ్. 2002 ప్రాంతంలో అమీర్‌పేటలో కోర్సు చేస్తూ, ముగ్గురు రూమ్మేట్లం డబ్బులు వేసుకుని ఇదే సీటీసీలో అసెంబుల్డ్ పీసీ కొన్నాం. పెంటియం 4, 128 ఎంబీ ర్యామ్. ఎండాకాలం వస్తే క్యాబినెట్ పక్క డోరు తీసేసి టేబుల్ ఫ్యాను దానివైపు తిప్పేవాళ్ళం, మాకు చెమటలు పట్టినా సరే. ఆన్ చేస్తే బీప్ బీప్ మని మొరాయిస్తే ర్యామ్ పీకి, పెన్సిల్ రబ్బరుతో రుద్ది, మళ్ళీ పెడితే బుద్ధిగా లేచేది. బయోస్ పాస్‌వర్డ్ మర్చిపోతే రూపాయి బిళ్ళంత బ్యాటరీ తీసి కాసేపాగి పెట్టడం. రెండో హార్డ్ డిస్కు తగిలించేటప్పుడు మాస్టర్, స్లేవ్ జంపర్లు తప్పు పెట్టి ఒక రాత్రంతా జాగారం. మొదటి జీతంలో కొన్న మొదటి వస్తువు ఇంకో 256 ఎంబీ. కంప్యూటర్ ఆర్గనైజేషన్ నేను నేర్చుకున్నది ఇలాగే. మీలో సగం మందిదీ ఇదే కథ అని నాకు తెలుసు.

ఈ అవకాశం మనకి ఎవరో దయతలిచి ఇచ్చింది కాదు. 1981లో ఐబీఎం తన పీసీతో పాటు సర్క్యూట్ల బొమ్మలు, బయోస్ లిస్టింగుతో సహా టెక్నికల్ రిఫరెన్స్ పుస్తకం అమ్మింది. బయోస్ మీద కాపీరైటు వాళ్ళదే. కాంపాక్ వాళ్ళు దాన్ని కాపీ కొట్టకుండా, అదే పని చేసేలా సొంతంగా రాసుకుని తమ మెషీన్ తెచ్చారు. ఆ తర్వాత తైవాన్ బోర్డులు, సీటీసీ షాపులు, మన టేబుల్ ఫ్యాను. 1987లో ఐబీఎం నాలిక్కరుచుకుని పీఎస్/2లో మైక్రో ఛానెల్ అనే కొత్త బస్ పెట్టి, వాడుకోవాలంటే లైసెన్సు కట్టమంది. మిగతా కంపెనీలు ఒప్పుకోలేదు, 1988లో వాళ్ళంతా కలిసి వేరే బస్ తెచ్చుకున్నారు. అంత పెద్ద ఐబీఎం కూడా తెరిచిన మూత మళ్ళీ వేయలేకపోయింది.

మరి ఇప్పుడో? ఒక్కొక్కరూ మూత వేస్తూ పోతుంటే మనం "అబ్బ, ఎంత పల్చగా ఉందో" అని చంకలు గుద్దుకుంటున్నాం.

సోల్డరింగుకి కారణాలు అసలు లేవని అనను. లాప్‌టాపుల్లో వాడే ఎల్పీడీడీఆర్ మెమరీ తక్కువ వోల్టేజీతో, ఎక్కువ వేగంతో నడుస్తుంది. చిప్పుకీ ప్రాసెసర్‌కీ మధ్య దారి పొడుగైతే, మధ్యలో సాకెట్ వస్తే, సిగ్నల్ దెబ్బతింటుంది. రిపేరబుల్ లాప్‌టాపులకి పేరుపడ్డ ఫ్రేమ్‌వర్క్ కూడా 2025 నాటి డెస్క్‌టాపులో మెమరీ సోల్డర్ చేసింది, కారణమూ చెప్పుకుంది. కానీ దీనికి మందు కూడా ఉందండీ. స్క్రూలతో బిగించే క్యామ్2 అనే మాడ్యూల్ ప్రమాణాన్ని జెడెక్ 2023 డిసెంబరులో ప్రకటించింది. 2024లో లెనోవో ఒక థింక్‌ప్యాడ్‌లో పెట్టి చూపించింది కూడా. మరి నలభై, యాభై వేల లాప్‌టాపులో ఎందుకు రాదు? పిల్లలు కొనేది అదే. మళ్ళీ కొనాల్సి రావాల్సింది కూడా అక్కడే కాబట్టి.

సాఫ్ట్‌వేర్ వైపు చూద్దాం. విండోస్ 11 వచ్చింది 2021 అక్టోబరులో. ఇంటెల్ ఎనిమిదో తరానికి ముందువి పనికిరావన్నారు. అంటే 2017 జనవరిలో డెస్క్‌టాపులకి వచ్చిన ఏడో తరం చిప్పు అయిదేళ్ళు నిండకుండానే ముసలిదైపోయింది. భద్రత కోసం టీపీఎమ్ 2.0 కావాలి అన్నారు, ఒప్పుకుందాం. ఏడో తరంలో చాలా వాటికి అదీ ఉంది. తమాషా ఏంటంటే ఏడో తరంలో కొద్ది చిప్పులకి మినహాయింపు దొరికింది, వాటిలో 7820హెచ్‌క్యూ అనేది ఒకటి. అది ఎందులో ఉందయ్యా అంటే మైక్రోసాఫ్ట్ వాళ్ళే అమ్మిన సర్ఫేస్ స్టూడియో 2లో! తర్వాత 2025 అక్టోబరు 14న విండోస్ 10కి మామూలు సపోర్టు ఆపేశారు. మామూలు వాడకందార్లకి మరో ఏడాది పొడిగింపు అని ఓ తాయిలం. బాగా నడిచే మెషీన్లు ఎన్ని గోనెసంచుల్లోకి వెళ్ళాయో వెళ్తాయో. ఐక్యరాజ్యసమితి లెక్క ప్రకారం 2022లో ప్రపంచం పారేసిన ఈ-చెత్త 62 మిలియన్ టన్నులు, అందులో పద్ధతిగా సేకరించి రీసైకిల్ చేసినట్టు రికార్డు ఉన్నది 22.3 శాతం. మిగతాది ఎవరు ఎక్కడ కాలుస్తున్నారో ఢిల్లీ సీలంపూర్ వెళ్తే తెలుస్తుంది.

ఇవన్నీ ఒక ఎత్తు, 2025 చివర్లో జరిగింది ఇంకో ఎత్తు. ప్రపంచంలో డీర్యామ్ దాదాపు అంతా తయారుచేసేది మూడు కంపెనీలు: శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్. ముగ్గురూ ఏఐ డేటా సెంటర్లకి కావలసిన మెమరీ వైపు ఫ్యాక్టరీలు తిప్పుకున్నారు, అక్కడ లాభం ఎక్కువ మరి. ర్యామ్ ధరలు నెలల్లో రెండింతలు దాటాయి. డిసెంబరులో మైక్రాన్ తన క్రూషియల్ బ్రాండునే, మనం స్టిక్కులు కొనే ఆ క్రూషియల్‌నే, మూసేస్తున్నట్టు ప్రకటించింది. స్లాట్ లేనివాడు కొత్త మెషీన్ కొనాలి, స్లాట్ ఉన్నవాడు స్టిక్కు కొనలేడు. ఇద్దరికీ చూపించే దారి ఒకటే: నెలకింత కట్టు, మా సర్వర్లో వాడుకో. మైక్రోసాఫ్ట్ 2021 నుంచే విండోస్ పీసీని నెల అద్దెకి అమ్ముతోంది. సొంత పొలం ఉన్న రైతు అదే పొలంలో కౌలుకి దిగినట్టుంటుంది మన బతుకు. కౌలు పెంచితే అడగడానికి ఉండదు, ఎప్పుడు ఖాళీ చేయమంటారో తెలియదు.

"మార్కెట్ కదా, జనం పల్చనివే అడుగుతున్నారు" అంటారు. జనం ఎప్పుడు అడిగారు? ఆఫీసులకి వందల్లో ఆర్డరు పెట్టేది మనవాళ్ళే. మూడేళ్ళకోసారి రిఫ్రెష్ అని గొప్పగా చెప్పుకునేదీ మనమే. ఒక చాట్ విండో కోసం బ్రౌజర్ మొత్తాన్ని మూటగట్టి పంపి, అర జీబీ మింగించేది కూడా మనం రాసిన కోడే. ఆ పిల్ల లాప్‌టాపుని ముసలిదాన్ని చేసింది కంపెనీ ఒక్కటే కాదు.

ఫ్రాన్సులో 2021 నుంచి లాప్‌టాప్ ధర పక్కన రిపేరు మార్కులు పదికి ఎన్నో రాయాలని చట్టం. మన దగ్గర 2022 డిసెంబరులో రైట్ టు రిపేర్ పోర్టల్ అని ఒకటి పెట్టారు. పోర్టల్ ఉంటే సోల్డర్ ఊడదు. డబ్బా మీద "మెమరీ పెంచుకోవచ్చు, పెంచుకోలేరు" అన్న ఒక్క ముక్క పెద్ద అక్షరాల్లో రాయమని చట్టం చేస్తే చాలు, నాలాంటి తెలివైన మామయ్యలు నోరు జారకుండా ఉంటారు.

ప్రస్తుతానికి మా అటక మీదున్న నా పాత డెస్క్‌టాప్ కిందికి దింపాం. నాలుగు స్లాట్లలో రెండు ఖాళీ. దుమ్ము దులిపి, లైనక్స్ వేసి, ఎస్సెస్డీ తనచేతే బిగించాను. కేబుల్ మొదట తిరగేసి పట్టుకుంది, ఎంత నొక్కినా ఎక్కలేదు, తనే తిప్పి పెట్టుకుంది. ర్యామ్ స్టిక్కుకి సీటీసీ కుర్రాడు చెప్పిన ధర విని ఫోను పెట్టేశాను. సెకండ్ హ్యాండ్‌లో ఎవరి దగ్గరైనా దొరుకుతుందేమో వెతుకుతున్నాను.